రాణి లేచిపోయింది

బ్యాంకు క్యాషియరుగారి ప్యాంటుకు నడుము దగ్గర కాస్త వదులు చేసి ఇచ్చిన రోజున దాని కుడికాలిలో ఒక తేనెటీగ కూడా ఉంది. దానికి దర్జీ విడిగా ఏమీ పుచ్చుకోలేదు. క్యాషియరుగారు కొట్లోనే తెర చాటుకు వెళ్లి ప్యాంటు తొడుక్కున్నారు. "బాగానే ఉందయ్యా" అన్నారు. తర్వాత తెర ఒకసారి ఎగిరిపడింది. ఆ పైన తెరతో సహా బయటికి వచ్చారు. తెర కమ్మీ ఊడి ఇస్త్రీ బల్ల మీద పడింది. ఈగ చచ్చిపోయింది, క్యాషియరుగారు బతికారు. "నడుము దగ్గర పట్టేసినట్టు లేదు కదా సార్?" అని అడిగాడు దర్జీ. అలాంటప్పుడు దర్జీ అడగవలసింది అదే మరి.

ఆ ఈగ దిగివచ్చింది డాబా మీంచి. కింద కొట్టు, మధ్యలో ఇల్లు, పైన డాబా. డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో, పాత మిషను తాలూకు ఇనుప కాళ్ల మీద ఒక చెక్కపెట్టె. అందులో పక్కపక్కన వేలాడే చట్రాలు, ఒక్కో చట్రంలో ఒక్కో తేనెపట్టు, వాటినిండా తేనెటీగలు.

ఆ పెట్టె కోడలి తండ్రి, అంటే వియ్యంకుడు, ఇచ్చినది; కొడుకూ కోడలూ పక్కూళ్లో ఉంటారు. వియ్యంకుడి భార్య బతికున్నన్నాళ్లూ ఈగల్ని పెంచింది. ఆవిడ పోయాక ఆయన పెంచాడు. ఒకనాడు ఒకే ఒక్క ఈగ కుట్టి ముఖం గుమ్మడికాయంత వాచి, ఊపిరందక, ఆసుపత్రిలో పడ్డాడు. "ఇంకోసారి కుడితే మీరు నా దాకా రారు" అని డాక్టరు చెప్పేశాడు. పెట్టెలన్నీ వాళ్లకీ వీళ్లకీ ఇచ్చేశాడు. తీసుకున్నవాళ్లు నిలుపుకోలేకపోయారు. మిగిలింది ఒక్కటే, ఆవిడ మొదట పెంచిన రాణి వంశం. దాన్ని ఇవ్వలేక ఇవ్వలేక దర్జీ చేతిలో పెట్టాడు.

"పిల్లనిచ్చినప్పుడు కూడా నేనింత ఏడవలేదు బావగారూ" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"అవును, అప్పుడు ఏడ్చింది మేము" అన్నాడు దర్జీ.

నవ్వులాటకి అన్నాడు గానీ, పెట్టె మోసుకొస్తూ దర్జీ ప్రతి అడుగూ చూసుకుని వేశాడు. బట్ట పాడైతే ఇంకో బట్ట తేవచ్చు. ఇది అలాంటిది కాదు. పోతే, ఒక మనిషి చేత్తో పెంచిన ప్రాణాల్లో చివరిది పోయినట్టే.

దర్జీ గురించి చెప్పాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆయన ఎవరికీ చెప్పలేదు కాబట్టి మనమే చెప్పుకోవాలి. ఆయనకి దగ్గరచూపు మందగించింది. కళ్లజోడు పెడితే, దర్జీ కన్ను పోయిందని వీధంతా చెప్పుకుంటుందని భయం. ఇల్లాలు పొద్దున్నే రంగురంగుల దారాలు ఎక్కించిన సూదుల్ని మెత్తకి గుచ్చి మిషను పక్కన పెట్టి వెళుతుంది. ఎందుకని ఆవిడ అడగలేదు, ఫలానా అందుకని ఆయన చెప్పలేదు. కొన్ని సంసారాలు ఇలాగే చల్లగా నడుస్తాయి.

ఎండ బాగా కాసిన ఒక రోజు, దర్జీ ఒక కోటుకి చేతులు అతుకుతుండగా డాబా మీంచి పెద్ద హోరు దిగివచ్చింది. వీధిలోకి పరిగెత్తి తలెత్తి చూశాడు. వేలకొద్దీ ఈగలు గోధుమరంగు పొగలా సుడి తిరుగుతూ ఇంటి మీంచి పోతున్నాయి. మెళ్లో టేపు, చెవిలో పెన్సిలు, చేతిలో ఫోను. వాటి వెంట పడి పరిగెత్తుతూ వియ్యంకుడికి ఫోను చేశాడు. గాభరాలో గొంతు తగ్గించాలని తోచలేదు.

"బావగారూ! రాణి లేచిపోయింది! సగం మందిని వెంటేసుకుని పోయింది!"

వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. దర్జీ తన కూతుర్ని ముద్దుగా 'మా రాణి' అంటాడని వీధిలో తెలియనివాళ్లు లేరు.

"ఎక్కడ దిగింది?" అన్నాడు వియ్యంకుడు. "చెట్టు కొమ్మ మీదయితే కింద పెట్టె పట్టి దులపండి."

"కరెంటు స్తంభం మీద! వైర్ల మధ్య ఉండ కట్టుకుని కూర్చున్నాయి!"

"అయితే దగ్గరికి పోకండి. మీ ప్రాణం మీదికి తెచ్చుకోకండి. పాత రాణి గుంపుని తీసుకుని వేరే కాపురానికి పోతోంది. పోనివ్వండి. పెట్టెలో ఉన్నవాటితో మాత్రం జాగ్రత్త!"

"జాగ్రత్తే, జాగ్రత్తే" అని ఫోను పెట్టేశాడు దర్జీ. ఇంకొక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

జాగ్రత్త అన్న మాట ఎంత మంచిదో అంత చెడ్డది. పిల్లాడితో జాగ్రత్త అంటే పిల్లాణ్ణి కాపాడమని. దొంగతో జాగ్రత్త అంటే దొంగ నుంచి కాపాడుకోమని. వియ్యంకుడు మొదటి అర్థంలో అన్నాడు. దర్జీకి రెండోదే వినబడింది. ఉన్నవి కూడా లేచిపోతాయి కాబోలు! పెట్టె అప్పగించిన రోజున ఆయన చెప్పినదాంట్లో సగం అప్పుడు గుర్తొచ్చింది: పట్టు అంచున వేరుసెనక్కాయల్లా వేలాడుతూ గదులు కనబడితే, అవి రాణి గదులు, గుంపు లేచిపోవడానికి సూచన.

మెట్లు రెండేసి ఎక్కి డాబా మీదికి పోయాడు. తానే కుట్టుకున్న వల ముసుగు వేసుకుని, ఈగలు నెమ్మదించేలా పొగ డబ్బా ఊది, మూత తీశాడు. పట్టు అంచుల్లో మసకమసకగా వేలాడుతున్నాయి వేరుసెనక్కాయలు. జేబులోంచి దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీశాడు. కుట్టు అయ్యాక చొక్కా అంచున మిగిలిన పోగులు కత్తిరించినట్టే, అంత శుభ్రంగా, అంత ఒద్దికగా, ఒక్కొక్క చట్రమే తీసి కనబడ్డ గదినల్లా కత్తిరించాడు. వేళ్ల మీద నాలుగైదు పోట్లు పడ్డా పని ఆపలేదు. కిందికి దిగి, చెమట తుడుచుకుని, మళ్లీ ఫోను చేశాడు. ఈసారి గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

"ఇంక బెంగ లేదు బావగారూ. రాణి గదులన్నీ కత్తిరించేశాను. ఒక్కటి వదల్లేదు."

అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకుని దర్జీ "హలో, హలో" అన్నాడు.

"ఉన్నాను" అన్నాడు వియ్యంకుడు. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "బావగారూ, పాతది పోయింది కదా. వాటిలో ఉన్నవే పుట్టబోయే కొత్త రాణులు."

దర్జీ మిషను ముందున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇంకో దారి ఉంది" అన్నాడు వియ్యంకుడు. "పాతది పోయేముందు పెట్టిన గుడ్లు ఉంటే, ఆ గుడ్లలోంచే ఈగలు ఇంకో రాణిని చేసుకుంటాయి. గుడ్లు చిట్లి పురుగులొచ్చి, అవి పెద్దవైపోతే మాత్రం కుదరదు. వెళ్లి చూడండి. గది అడుగున, సరిగ్గా మధ్యలో, తెల్ల దారం ముక్కంత ఉంటుంది."

దర్జీ మళ్లీ ఎక్కాడు. చట్రాన్ని ఎండకెత్తి చూశాడు, ముక్కుకి దగ్గరగా పెట్టి చూశాడు, చెయ్యి చాచి దూరంగా పెట్టి చూశాడు. గదులే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనబడుతుంటే, గది అడుగున దారం ముక్క ఎక్కడ కనబడుతుంది? ఫోనులో వియ్యంకుడు ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు.

"ఉన్నాయా?"

"ఆఁ... ఉన్నాయి."

"బాగా చూశారా? ఖాయమేనా?"

"దర్జీవాణ్ణి బావగారూ. దారం ముక్క నాకు కనబడదా?"

"హమ్మయ్య, బతికించారు! అయితే పెట్టె మూసేసి ముట్టుకోకండి. వాటి పని అవి చూసుకుంటాయి" అన్నాడు వియ్యంకుడు. ఆయన నిట్టూర్పు ఇవతలకి వినబడింది. అది విన్నాక నిజం చెప్పడం దర్జీ వల్ల కాలేదు.

మధ్యాహ్నానికి ఎదురింటావిడ ముఖం వేలాడేసుకుని వచ్చి ఇల్లాలి చెయ్యి పట్టుకుంది.

"అంతా విన్నాను వదినా. ధైర్యంగా ఉండండి."

"ఏం ధైర్యమో! ఆయన అన్నం కూడా ముట్టలేదు."

"ఎలా ముడతారు పాపం. ఒక్కతే పోయిందా?"

"ఒక్కతెందుకు పోతుంది? సగం మందిని వెంటేసుకుపోయింది."

ఎదురింటావిడ గోడకి ఆనుకుంది. "మరి... అబ్బాయి ఏం చేస్తాడట?"

"మగవాళ్లా? వాళ్లేమీ చెయ్యరట వదినా. తిని కూర్చోవడమేనట. ఆ ఒక్క ముచ్చటా తీరగానే చచ్చిపోతారట కూడా."

"అయ్యయ్యో, చిన్న వయసులోనే!"

"పోయినదాని గురించి బాధ లేదులెండి. అది ముసల్ది. ఇంట్లో మిగిలినవాటి గతేమిటని ఆయన బెంగ."

ఎదురింటావిడ ఇంకేమి అడగాలో తెలియక నోరు తెరిచి ఉండగా, మందుల షాపులో పనిచేసే దర్జీ కూతురు మెట్లెక్కి వచ్చి చెప్పులు విడిచి, "అమ్మా, ఆకలి" అంది. ఎదురింటావిడ ఆ పిల్లని తల నుంచి కాళ్ల దాకా చూసి, "తిరిగొచ్చేసిందే!" అని కేక పెట్టింది. సంగతి బయటపడ్డాక తల్లీకూతుళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. కింద కొట్లో దర్జీ మాత్రం నవ్వలేదు.

ఆ తర్వాత పెట్టె రొద మారింది. అంతకుముందు అది నూనె వేసిన మిషను నడిచినట్టు సాఫీగా ఉండేది. ఇప్పుడు ఎక్కడో దారం ఇరుక్కున్న మిషనులా, ఉండి ఉండి మూలుగుతోంది. డాబా తలుపు తీస్తే చాలు ముఖం మీదికి వస్తున్నాయి. ఇల్లాలు బట్టలు ఆరేయడం మానేసింది. దర్జీ పొద్దునా సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఆ మూలుగు వింటాడు. రాణి లేని పెట్టె ఇలాగే మూలుగుతుందని వియ్యంకుడే ఒకసారి చెప్పాడు. ఆయన ఫోను చేస్తే మాత్రం "గిరాకీలున్నారు, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తాడు. ఇంకొన్నాళ్లు పోతే ఉన్నవి ముసలివై రాలిపోతాయి. పుట్టేవి ఉండవు. అంతే.

ఫోన్ల మీద నమ్మకం పోయిన వియ్యంకుడు ఒక ఉదయం స్వయంగా దిగాడు. ముసుగు, చేతులకి తొడుగులు, మెడకి మఫ్లరు. కొట్లోకి రాగానే అద్దాల తలుపు దగ్గరగా వేయించి అప్పుడు ముసుగు తీశాడు, తొడుగులు తీశాడు.

"నేను పైకి రాలేను. మీరు వెళ్లి చూసొచ్చి చెప్పండి. కొత్త గది కట్టాయా లేదా?"

దర్జీకి తప్పలేదు. పైకి వెళ్లి మూత ఎత్తాడో లేదో ఈగలు గుప్పుమని లేచాయి. ఏమీ చూడకుండానే మూసేసి, ముసుగు దులుపుకుంటూ, కాలర్లు దులుపుకుంటూ దిగి కొట్లోకి వచ్చాడు. తలుపు వేశాక తెలిసింది, ఒకటి వీపు మీదే వచ్చిందని. అది గదిలో రెండు చుట్లు తిరిగింది. వియ్యంకుడి ముఖం సున్నం కొట్టినట్టయింది. ఈగ ఆయన చొక్కా చేతి మీద, మణికట్టు దగ్గర వాలింది.

"కదలకండి బావగారూ" అన్నాడు దర్జీ.

"కదలడం లేదు" అన్నాడు వియ్యంకుడు, పెదవులు కూడా కదలకుండా.

దర్జీ గుండీల డబ్బా మూత తీసుకుని వంగాడు. చేతి అంచున గోధుమరంగు మచ్చలు రెండు కనబడ్డాయి. పక్కపక్కనే. ఒకటి ఈగ, ఒకటి గుండీ. ఏది ఏదో తెలియడం లేదు. వియ్యంకుడి మణికట్టు మీద నరం కొట్టుకోవడం కూడా ఆయనకి మసకగానే కనబడింది. ఇంకా వంగితే ఊపిరి తగిలి ఈగ రేగుతుంది. చెమట కంట్లోకి దిగింది. కదులుతున్నట్టు తోచిన మచ్చ మీద మూత బోర్లించి గట్టిగా అదిమాడు.

మూత కింద రొద ఏమీ లేదు.

"బావగారూ" అన్నాడు వియ్యంకుడు సన్నగా, "మీరు మూసింది నా గుండీని."

రెండో మచ్చ రెక్కలు విదిల్చి, చొక్కా చేతి మీంచి చర్మం వైపు నడవడం మొదలెట్టింది. దర్జీ చెయ్యి మూత మీదే బిగుసుకుపోయింది. అప్పుడు వెనకనుంచి ఇల్లాలి చెయ్యి వచ్చింది. టీ గ్లాసు ఒకటి ఈగ మీద టక్కున బోర్లింది. ఆవిడ గ్లాసు కింద కాగితం తోసి, ఈగని అలాగే తలుపు సందులోంచి బయటికి పంపి, గ్లాసు కడగడానికి వెళ్లబోయింది.

వియ్యంకుడు కుర్చీలో జారగిలబడ్డాడు. ఊపిరి కుదుటపడ్డాక గుండీ వంక, మూత వంక, దర్జీ వంక చూశాడు.

"గుండీకీ ఈగకీ తేడా తెలియనివారికి, గుడ్లు ఎలా కనబడ్డాయి బావగారూ?"

దర్జీ మెళ్లో టేపుని చుట్టడం మొదలెట్టాడు. చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు.

"కనబడలేదు" అన్నాడు చివరికి. "మీకు చెప్పడానికి సిగ్గేసింది. మీ ఆవిడ ఈగల్ని నా చేతులారా కత్తిరించేశాను. అదీ సరిగ్గా చూడకుండా."

వియ్యంకుడికి కోపం వస్తే బాగుండునని దర్జీ అనుకున్నాడు. రాలేదు. ఆయన చాలాసేపు అద్దాల తలుపులోంచి వీధిలోకి చూశాడు.

"ఎక్కడినుంచయినా గుడ్లున్న చట్రం ఒకటి తెప్పిస్తాను. పెట్టె బతుకుతుంది. ఆవిడ ఈగలు కాకపోయినా, ఈగలే కదా."

ఆ 'కదా' దర్జీకి సూదిలా దిగింది.

ఇల్లాలు గ్లాసు కింద పెట్టింది. "తెప్పించేముందు ఒకసారి కళ్లున్నవాళ్లని చూడనివ్వండి అన్నయ్యగారూ. ఈయన సూదుల్లో దారం ఎక్కించేది ఎవరనుకుంటున్నారు?"

దర్జీ ఉలిక్కిపడ్డాడు. "అది ఇప్పుడు..."

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? ఆ ముసుగు ఇలా ఇవ్వండి."

ఈగలంటే ఆవిడకి చచ్చేంత భయం. ముసుగు మీద ఇంకో ముసుగు, మొగుడి కోటు, దాని మీద వానకోటు వేసుకుని, పాకుతున్నట్టుగా డాబా ఎక్కింది. దర్జీ పొగ ఊదుతూ చట్రాలు ఎత్తి పట్టుకున్నాడు. ఫోను స్పీకరులో వియ్యంకుడు కిందనుంచి అడుగుతున్నాడు.

"గుడ్లున్నాయా చెల్లెమ్మా?"

"లేవు."

"పురుగులు? తెల్లగా, ముడుచుకుని?"

"లేవు అన్నయ్యగారూ. ఖాళీ. ఇంకో చట్రం ఎత్తండి... ఇదీ ఖాళీయే."

ఈగలు ముసుగు మీద వానచినుకుల్లా కొట్టుకుంటున్నాయి. ఆవిడ మాత్రం తల పక్కకి తిప్పలేదు. దర్జీ చివరి చట్రం ఎత్తాడు.

"ఆగండి, ఆగండి. తిప్పండి. అలా కాదు, తలకిందులుగా." ఆవిడ ముందుకి వంగింది. "ఇక్కడ, చెక్కకీ పట్టుకీ మధ్య సందులో ఒక వేరుసెనక్కాయ ఉంది. ఈయన కత్తెరకి అందలేదు."

"అందకపోవడమా? కనబడి ఉండదు!" అన్నాడు దర్జీ. జీవితంలో మొదటిసారి ఆ మాట సంతోషంగా అన్నాడు.

ఫోనులో కుర్చీ వెనక్కి తోసిన చప్పుడయింది. "కొస చూడండి చెల్లెమ్మా! పక్కన చిరిగి ఉంటే లోపలి రాణి చచ్చిపోయినట్టు. కొస ఎలా ఉంది?"

"చిరగలేదు. డబ్బా మూత తెరిచినట్టు గుండ్రంగా ఊడి, ఒక పక్క పట్టుకుని వేలాడుతోంది. లోపల ఖాళీ."

"పుట్టింది!" అని కేక వేశాడు వియ్యంకుడు. ఆ కేక ఫోనులోనూ మెట్ల దారిలోనూ కలిపి వినబడింది. "మా ఆవిడ రాణి కూతురు! మూసెయ్యండి, మూసెయ్యండి, కదిలించకండి!"

అయితే పుట్టినంత మాత్రాన అయిపోలేదు. కొత్త రాణి బయటికి ఎగిరి, మగ ఈగలతో జతకట్టి, పిట్టల నోట పడకుండా, దారి తప్పకుండా తన పెట్టెకే తిరిగిరావాలి. రాకపోతే మళ్లీ మొదటికే. అన్ని రోజులూ దర్జీ ఆకాశంలో పిట్ట కనబడితే టేపు విసిరాడు. కోట్లకి చేతులు తారుమారుగా కుట్టి విప్పాడు. కళ్లజోడు కొన్నాడు గానీ, పెట్టె దగ్గర ముసుగులో ఆవిరి పట్టి అదీ మసకే. రొద మాత్రం కొంచెం కొంచెంగా తగ్గింది. తగ్గిందని తనకి అనిపిస్తోందా, నిజంగా తగ్గిందా అన్నది తేల్చుకోలేక, రోజుకోసారి ఇల్లాల్ని మెట్ల మీద కూర్చోబెట్టి వినమనేవాడు. "నాకు ఇప్పుడు మీ రొదే వినబడుతోంది" అనేదావిడ.

వియ్యంకుడు చెప్పిన గడువు దాటాక మళ్లీ మూత తీశారు. ఈసారి ఈగలు లేవలేదు. ఇల్లాలు చట్రాన్ని ఎండకి వాలుగా పట్టి చూసింది. ఇంకో వైపు చూసింది. దర్జీ పొగ డబ్బా ఊదడం మరిచిపోయాడు.

"ఏమే, చెప్పవేం?"

"లెక్కపెట్టబోతే తప్పిపోతోంది. ప్రతి గదిలో ఒకటి. తెల్లగా, నిలువుగా." ఆవిడ చట్రాన్ని కాస్త ఇవతలకి తిప్పింది. "మీరు పోగులు కత్తిరించి పడేస్తారు చూడండి, అచ్చం అలాగే ఉన్నాయి."

కింద అద్దాల తలుపు వెనక కూర్చున్న వియ్యంకుడికి ఫోనులో చెప్పారు. ఆయన జేబురుమాలు తీసి ముసుగు లోపలికి దూర్చడానికి తంటాలు పడ్డాడు.

ఎండలు తగ్గేసరికి కొత్త రాణి పిల్లలు రెక్కలొచ్చి వీధి మీద పడ్డాయి. వియ్యంకుడు పక్కూళ్లో కూతుర్ని చూసి వస్తూ, పనిలో పనిగా పెట్టెని దూరంనుంచి పలకరించిపోదామని వీధి మలుపు తిరిగాడు. తిరిగినవాడు ముసుగు పట్టుకుని పరుగున వచ్చి కొట్లో పడి, తలుపు మూసి, రొప్పుతూ దర్జీ మీద విరుచుకుపడ్డాడు.

"ఇదేం పెంపకం బావగారూ! మా ఆవిడ పెంచినప్పుడు ఇవి మనిషి కనబడితే పక్కకి తప్పుకునేవి. ఇప్పుడు వీధి చివరి దాకా ఎదురొచ్చి, ఎందుకొచ్చావని నిలదీస్తున్నాయి!"

దర్జీ కళ్లజోడు సర్దుకుని, సూదిలో దారం తానే ఎక్కిస్తూ తలెత్తకుండా అన్నాడు:

"మరి ఇప్పుడవి మగపెళ్లివారి ఈగలు బావగారూ."